చెప్పుల జతా, ఆరకూడని లాప్‌టాపూ

మా అన్నయ్య కూతురు మొన్న విమానం ఎక్కబోతూ ఫోన్ చేసింది. "బాబాయ్, నువ్వు కరెంటు మనిషివి కదా, నా లాప్‌టాప్ గంట కూడా ఆగదు. విమానంలో ప్లగ్గులో పెడితే లైటు వెలుగుతోంది, ఆరుతోంది. ఏం చెయ్యాలి?" అని అడిగింది. జవాబు రెండు ముక్కల్లో చెప్పాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే అరచేతులు తడిగా ఉన్నాయి. మా ఆవిడ "ఏమైంది?" అంటే "ఏం లేదు, ఉక్క" అన్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆ రెండు ముక్కలు నేను ఎక్కడ నేర్చుకున్నానో కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి చెప్పాలని ఇన్నాళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. చెబితే నా పరువు కాస్త పోతుంది. రిటైరయ్యాక పరువుతో పెద్ద పనేం ఉంటుంది కాబట్టి చెప్పేస్తున్నాను.

శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య, హైవేకి కాస్త లోపలగా ఉండేది మా ఫ్యాక్టరీ. లోహం కరిగించే కొలిమి, దానికి సొంత సబ్‌స్టేషన్. ఆ సబ్‌స్టేషన్‌కి నేను ఇంజనీర్ని. మా దగ్గర ఒక ఆచారం ఉండేది. యార్డులోకి రిపేరుకి వెళ్లే మనిషి బూట్లు తొడుక్కుని, తన చెప్పుల జత కంట్రోల్ రూము గుమ్మం దగ్గర విడిచి వెళ్లాలి. ఆ చెప్పులు అక్కడ ఉన్నంతసేపూ, జనరల్ మేనేజరే వచ్చి నెత్తిన కూర్చున్నా, ఆ లైనుకి కరెంటు వెయ్యకూడదు. పని ముగిశాక అతనే వచ్చి, బూట్లు విప్పి, చెప్పులు వేసుకున్నాకే స్విచ్. పర్మిట్ కాగితాలు కూడా ఉండేవి కానీ, అవి సాయంత్రం టీ తాగుతూ తీరిగ్గా నింపుకునేవాళ్లం. కాగితాన్ని నమ్మినవాడు మాలో లేడు. చెప్పుల్ని నమ్మనివాడు లేడు. కొత్తవాళ్లకి మొట్టమొదట నేర్పే పాఠం అదే. ఎంతమందికో నా నోటితో నేనే నేర్పాను.

ఒక మంగళవారం ముంబై హెడ్డాఫీసు నుంచి ముగ్గురు పెద్దలు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. కంట్రోల్ రూముకి కొత్తగా తెల్లటి టైల్స్ వేయించాం. వాళ్లు కారు దిగి ఇటు నడుస్తున్నారని కబురు రాగానే నేను గుమ్మం దాకా వెళ్లి చూశాను. తళతళలాడే నేల మీద ఒక పాత చెప్పుల జత. ఎడమ చెప్పు పట్టీ తెగితే రాగి తీగతో కట్టి ఉంది. మా ఎలక్ట్రీషియన్‌ది. ఉదయం నుంచీ యార్డులో కరెంటు ఆపిన లైను మీద పింగాణీ ఇన్సులేటర్లు శుభ్రం చేస్తున్నాడు.

నాకు సిగ్గేసింది. ఉన్నమాట అదే. ఆ తీగ కట్టిన చెప్పులు చూసి పెద్దలు ఏమనుకుంటారోనని సిగ్గేసింది. రెండు వేళ్లతో ఎత్తి నా బల్ల కింద అరలో పడేశాను. వాళ్లు వెళ్లగానే మళ్లీ పెట్టేద్దాం, పది నిమిషాలే కదా అనుకున్నాను.

ఆ సమయానికి డ్యూటీలో ఉన్న ఆపరేటరు ఒక అమ్మాయి. సముద్రం ఒడ్డు పల్లెలో చేపల వేట కుటుంబం. డిప్లొమా చేసి వచ్చింది, పాతికేళ్లుంటాయి. నేను చెప్పులు తీస్తున్నప్పుడు తను లోపల మీటర్ల రీడింగు రాసుకుంటోంది. నన్ను చూడలేదు. పెద్దల్ని గబగబా ఓ చుట్టు తిప్పి, పక్కగదిలో కూర్చోబెట్టి జీడిపప్పూ టీ ఇప్పిస్తున్నాను. అప్పుడే మెయిన్ లైను ఒక్క క్షణం పోయి వచ్చింది. అలారాలన్నీ ఒక్కసారి మోగాయి. ఆ వెంటనే యార్డులోంచి ఒక అరుపు. ఆ అరుపు గురించి రాయలేను.

మనిషి బతికాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఆ లైను బ్రేకరు పడింది, అంటే స్విచ్ వేసినట్టు కలిసి, అతను పనిచేస్తున్న చోటికి కరెంటు వెళ్లింది. ఎలా పడిందన్నది ప్రశ్న. లైను పోయినప్పుడు బ్రేకరుని దానంతటదే వేసే ఆటో ఏర్పాటు ఒకటి మా దగ్గర ఉంది. దాన్ని ఆపి ఉంచామనే అనుకున్నాం, కానీ అది అప్పటికే రెండుసార్లు మొండికేసిన సరుకు. లేదా ఆ అమ్మాయి స్విచ్ తిప్పింది. ఆమెనే అడిగాం.

"అలారాలు మోగిపోతన్నాయి సారూ. కొలిమి కాడ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. గుమ్మంకేసి సూసినాను. సెప్పుల్లేవు. పనైపోయి ఎల్లిపోనాడనుకున్నాను. స్విచ్ మీద సెయ్యేసినాను. తిప్పినానో, తిప్పక ముందే దీపం ఎలిగిందో నాకే తెలీదు సారూ." అంది.

"చెప్పుల్లేవా? వాడు విడవడం మర్చిపోయుంటాడు" అన్నాడు మా ఫోర్‌మన్. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

నిజం తెలిసేది ఒక్కచోటే. సబ్‌స్టేషన్‌లో రిలే అని ఒక పెట్టె ఉంటుంది. ఏ బ్రేకరు ఏ క్షణాన, ఎవరి ఆజ్ఞతో పడిందో అందులో నమోదవుతుంది. కాకపోతే దాని జ్ఞాపకం చిన్నది. కొత్తవి వచ్చేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. బుధవారం పొద్దున్నే మా ఆఫీసు లాప్‌టాప్ తగిలించి ఆ లెక్కంతా అందులోకి దింపాను. మంచం కోడంత బరువుండే పాత యంత్రం అది. చార్జరే ఇటుకంత. బ్యాటరీ నిండా ఉంటే యాభై నిమిషాలు. దింపడం అయ్యింది, సరిగ్గా దాచిపెట్టే వేళకి దాని హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. లెక్క తెర వెనక, జ్ఞాపకంలో మాత్రం ఉంది. యంత్రం ఆరితే అదీ పోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి పంపాలన్నా, తెర మీద చూపాలన్నా ఆ సాఫ్ట్‌వేరు ముందు తన డిస్క్‌లో దాచుకున్నాకే ఆ పని చేస్తుందట. మళ్లీ రిలే దగ్గరికి పరిగెడితే, మధ్యలో కొలిమి నడిపినందువల్ల అక్కడ పాత లెక్కంతా చెరిగిపోయి ఉంది.

రిలే కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేస్తే, "ఆరనివ్వకండి, మూత వేసి నిద్రపుచ్చనూవద్దు, పాతది కదా, మళ్లీ లేవదు. నా దగ్గర సామాను ఉంది, నేరుగా లాగేస్తాను" అన్నాడు. ఎక్కడ? విచారణ సోమవారం పొద్దున ముంబై హెడ్డాఫీసులో. ఆయన అక్కడికే వస్తాడు. ఆ కబురు మాకు శనివారం అందింది. రైల్లో వెళ్దామంటే సోమవారం పొద్దుటికి చేర్చే బండిలో సీటు దొరకలేదు. పైగా రైలు బోగీలో ప్లగ్గు ఫోన్లకి సరిపోతుందేమో కానీ ఈ రాక్షసికి కాదు. ఆదివారం మధ్యాహ్నం విశాఖ నుంచి విమానానికి ముందువైపు వరసల్లో సీటు తీశారు. అక్కడ ప్లగ్ పాయింటు ఉంటుందని ఎవరో చెప్పారు.

లాప్‌టాప్ లెక్క చేతికి రాకపోతే సంగతి సింపుల్. రిజిస్టర్లో డ్యూటీ ఆపరేటరు పేరుంది, స్విచ్ మీద చెయ్యి వేశానని ఆమే ఒప్పుకుంది. ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసులో పేరు రాసిస్తారు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చే మనిషి ఆమె ఒక్కతే. యంత్రం తనంతట తనే బ్రేకరు వేసిందని తేలితే ఆమె బయటపడుతుంది. అప్పుడు చెప్పుల సంగతి నేనూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది నేను పైకి అనుకోలేదు. కానీ లోపల ఎక్కడో ఆ లెక్క వేసుకునే ప్రయాణానికి ఒప్పుకున్నాను.

బయల్దేరేముందు శనివారం సాయంత్రం శ్రీకాకుళంలో ఆసుపత్రికి వెళ్లాను. అతని రెండు చేతులకీ భుజాల దాకా కట్లు. నన్ను చూసి మొట్టమొదట అడిగింది నొప్పి గురించి కాదు.

"బాబూ, నా సెప్పులు గుమ్మం కాడే ఉన్నాయి గదా. నాను ఇడిసే ఎల్లినాను. మరి కరెంటెలా వొచ్చినాది?"

"విచారణలో తేలుతుంది. నువ్వు ఎక్కువ మాట్లాడకు" అన్నాను.

"మరిసిపోనానంటన్నారంట. ఇరవయ్యేళ్లలో ఒక్కపాలి మరిసినానా నాను? మీకు తెల్దా?"

నాకు తెలుసు. లేచి వచ్చేశాను. 

ఆదివారం పొద్దున కంట్రోల్ రూములో మావాళ్లంతా చేరారు. ఫోర్‌మన్ నా చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు. లోపల పాత యూపీఎస్‌లోంచి తీసిన బ్యాటరీలు రెండు, చిన్న ఇన్వర్టరు, ఎర్రటి టేపు చుట్టిన వైర్లు, ఎర్ర దీపం, ఒక స్విచ్. "మూడు గంటలు లాగుద్ది సార్. అందరం కూచుని కట్టినాం. ఆ పిల్ల కోసం" అన్నాడు. ఎలక్ట్రీషియన్ల ప్రేమ అలాగే ఉంటుంది. విమానాశ్రయంలో ఆ పెట్టె ఎలా కనిపిస్తుందో మాలో ఒక్కరికీ తోచలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నాకూ తోచలేదు. మా కళ్లకి అది బ్యాటరీ పెట్టె.

ఆ అమ్మాయి గేటు దాకా వచ్చింది. కారు కిటికీలోంచి లాప్‌టాప్ చూసింది. మూత పూర్తిగా పడకుండా మధ్యలో నా చేతిరుమాలు మడిచి పెట్టి ఉంది.

"ఆరిపోతాదా సారూ?"

"ఆరనివ్వనమ్మా."

"నానే తిప్పినానని వస్తే?"

"రాదులే" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో తెలీదు.

కారులో సిగరెట్ లైటరు సాకెట్‌కి ఇన్వర్టరు పెట్టి విశాఖ దాకా బాగానే వచ్చాం. విమానాశ్రయం లోపల ఒక స్తంభం దగ్గర ప్లగ్గు దొరికింది. బ్యాటరీ నూటికి నూరు నింపుకుని సెక్యూరిటీ వరసలో నిలబడ్డాను. లాప్‌టాప్ ట్రేలో పెట్టాను. అట్టపెట్టె ఇంకో ట్రేలో పెట్టాను.

బెల్టు ఆగిపోయింది.

తెర ముందు కూర్చున్న జవాను తెరనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఇంకొకడు వచ్చాడు. మూడోవాడు తుపాకీతో వచ్చాడు. నా వెనకున్న జనం తమంతట తామే నాలుగడుగులు వెనక్కి వెళ్లారు. పక్కకి తీసుకెళ్లి "ఏంటిది?" అని హిందీలో అడిగారు. "బ్యాటరీ" అన్నాను. "ఎవరు చేశారు?" "మా ఫోర్‌మన్." "ఎందుకు?" "లాప్‌టాప్ ఆరకూడదు." "ఎందుకు ఆరకూడదు?" నా హిందీ అక్కడితో అయిపోయింది.  వాళ్లు నన్ను అరెస్టు చేస్తారన్న భయం ఒకవైపు. ఆ లాప్‌టాప్ బల్ల మీద ఒంటరిగా, వైరు లేకుండా, నిమిషానికి రెండు చొప్పున ప్రాణం పోగొట్టుకుంటోందన్న భయం ఒకవైపు. ఒక జవాను దాని మూత వెయ్యబోయాడు.

"మత్ కరో! వద్దు!" అని అరిచాను. ఆ అరుపుకి తుపాకీ మనిషి చెయ్యి కదిలింది.

ఆఖరికి ఒక పెద్దాయన వచ్చాడు. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు చూసి, జనరల్ మేనేజరుకి ఫోన్ చేసి, నా మొహం కాసేపు చూశాడు. తెలివితక్కువవాడినే తప్ప ప్రమాదకరమైనవాణ్ణి కాదని తేల్చుకున్నట్టున్నాడు. పెట్టె అక్కడే ఉంచుకుని నన్ను వదిలారు. లాప్‌టాప్ చేతికి వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు గడిచాయి, బ్యాటరీ యాభై ఆరు. గేటు దగ్గర ప్లగ్గు వెతికి పెట్టాను. ఎనభైకి చేరేలోపే ఎక్కమని పిలిచారు.

నా పక్క సీటులో నరసన్నపేట వర్తకుడు ఒకాయన. బట్టల వ్యాపారం, సరుకు చూడ్డానికి ముంబై వెళ్తున్నాడు. నేను కూర్చోగానే సీటు చుట్టూ తడుముతుంటే "ఏటండీ ఎతుకుతన్నారు?" అన్నాడు. "ప్లగ్గు" అన్నాను. ఆయనే చూపించాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, ఎగిరేటప్పుడు ప్లగ్గు పనిచెయ్యదు, లాప్‌టాప్ మూసి ముందు సీటు కింద పెట్టాలి అంది. సంచిలో పెట్టాను. చేతిరుమాలు మధ్యలో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. జిప్పు తీసే ఉంచాను. విమానం రన్‌వే చివర పది నిమిషాలు నిలబడింది. అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు, నేను ఒంగి సంచిలోంచి ఫ్యాను చప్పుడు వింటున్నాను. విమానం పైకి లేచాక ఇంజన్ల హోరులో ఆ చప్పుడు వినపడలేదు. నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. అప్పటివరకూ వెయ్యలేదు.

బెల్టు దీపం ఆరగానే బయటికి తీశాను. వెలుగుతోంది. పదిహేడు.

ప్లగ్గు పెట్టాను. చార్జరు మీద పచ్చ దీపం వెలిగింది. మూడు లెక్కపెట్టేలోపు ఆరింది. తీసి పెట్టాను. వెలిగింది, ఆరింది. మళ్లీ. పదహారు. పదిహేను. ఎయిర్‌హోస్టెస్ "అది చిన్న లాప్‌టాప్‌ల కోసం సార్" అని సానుభూతిగా చెప్పి వెళ్లింది.

అప్పుడు గుర్తొచ్చింది నేను కరెంటు పనివాణ్ణని. విమానం ప్లగ్గు కొంతవరకే ఇస్తుంది. అంతకంటే ఎక్కువ గుంజితే కట్ చేసేస్తుంది. ఈ లాప్‌టాప్ నడవడానికి కావలసింది ఓ మోస్తరే. ఎక్కువ గుంజుతున్నది ఖాళీ అయిన బ్యాటరీ, నింపుకోడానికి. అంటే బ్యాటరీని పీకేస్తే ప్లగ్గు మీద నడుస్తుంది. కానీ పీకే క్షణంలో ప్లగ్గు కట్ అయిందా, అంతే సంగతి. వెనక ఆసరా ఏమీ ఉండదు.

తెర వెలుగు బాగా తగ్గించాను. లాప్‌టాప్‌ని ఒళ్లో బోర్లా వాల్చి, బ్యాటరీ గొళ్లెం మీద బొటనవేలు పెట్టాను. దీపం వెలిగాక మూడు లెక్కపెట్టేలోపు లాగాలి.  ప్లగ్గు వదులుగా ఉంది, చార్జరు బరువుకి జారిపోతోంది.

"నాను పట్టుకుంతాను, మీరు కానీండి" అన్నాడు వర్తకుడు. ఒంగి రెండు చేతులతో ప్లగ్గుని సాకెట్‌లోకి నొక్కాడు. "ఊఁ."

దీపం వెలిగింది. ఒకటి. లాగాను. గొళ్లెం ఇరుక్కుంది. రెండు. ఊడి చేతిలోకి వచ్చింది.

కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే తెర వెలుగుతోంది. పచ్చ దీపం నిలకడగా ఉంది. వర్తకుడు ప్లగ్గు వదల్లేదు. వదిలితే జారుతుంది మరి. టిఫిను వస్తే కూడా ఒక చేత్తోనే తిన్నాడు. కాసేపయ్యాక అడిగాడు.

"ఎవరికోసమండీ ఇంత తాపత్రయం?"

"మా ఆపరేటరమ్మాయి. తప్పు ఆమె మీద పడుతోంది. ఇందులో నిజం ఉంది."

ఆయన నా వైపు గౌరవంగా చూశాడు. "ఒక ఆడపిల్ల కోసం మీరు విమానమెక్కి సెమటలు కక్కతన్నారు. మీలాటోలు ఉన్నారు గాబట్టే అలాటోల్లు ఉజ్జోగాలు సెయ్యగలగతన్నారు. మీ కడుపు సల్లగుండ."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నా చేతిలో ఊడదీసిన బ్యాటరీ ఉంది. ఒళ్లో లాప్‌టాప్ ఒక మనిషి రెండు చేతుల మీద బతుకుతోంది. "చాల్లెండి, మీ చేతులు నొప్పెడతాయి, వదిలెయ్యండి" అంటే చాలు. ఆయన వదిలేస్తాడు. దీపం ఆరుతుంది. నన్ను ఎవరూ ఏమీ అనరు. పాపం ఎంత కష్టపడ్డాడో అంటారు. చెప్పుల సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను. అప్పుడు వేసిన భయం, లాప్‌టాప్ ఆరిపోతుందన్న భయం కాదు. పక్కనున్న మనిషి గౌరవంగా చూస్తున్న ఈ మనిషి ఎవడా అని.

"కాస్త గట్టిగా నొక్కండి బాబూ" అన్నాను.

దిగేముందు ప్లగ్గు ఆగిపోతుందని ముందే చెప్పారు కాబట్టి బ్యాటరీ మళ్లీ పెట్టాను. పదిహేను. తెర వెలుగు తగ్గించి ఉంచాను కాబట్టి ఇప్పుడు నెమ్మదిగా తగ్గుతోంది. ముంబై మీద విమానం చక్కర్లు కొట్టింది. పది. ఆరు. నేల తాకేసరికి నాలుగు. బస్సులో రెండు. లోపల మొదటి స్తంభం దగ్గర ఎవరిదో ఫోను పీకేసి నా ప్లగ్గు పెట్టాను. ఆ ఫోను ఆవిడ తిట్టింది. ఏ భాషో కానీ బాగానే తిట్టింది. వర్తకుడు చేతులు దులుపుకుంటూ "పిల్ల గట్టెక్కినట్టే" అని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున విచారణ గది. మంగళవారం వచ్చిన ముగ్గురు పెద్దలే బల్లకి అటువైపు కూర్చున్నారు. రిలే కంపెనీ ఇంజనీరు తన కేబులు తగిలించాడు, అరగంట చూశాడు. నేను ఆయన పెదవులే చూస్తున్నాను. ఆటో అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు.

"స్పష్టంగా ఉంది. ఆటో పనిచెయ్యలేదు. కంట్రోల్ రూము స్విచ్ నుంచే పడింది. చేత్తో తిప్పారు" అన్నాడు.

ఐదు రోజులు నేను కంటికి రెప్పలా కాపాడిన యంత్రం ఆ అమ్మాయి మీదే సాక్ష్యం చెప్పింది. "అయితే ఇంక సందేహం లేదు" అని ఆ ముగ్గురిలో పెద్దాయన ఆమె రాసిచ్చిన కాగితం ముందుకి లాక్కుని పెన్ను మూత తీశాడు. నేను మాట్లాడలేదు.  పెన్ను కాగితం మీద ఆనింది.

అప్పుడు లాప్‌టాప్ ఫ్యాను ఆగింది. రిలే ఇంజనీరు తన యంత్రం కోసం నా చార్జరు ఎప్పుడో పీకేశాడు, ఎవరూ చూసుకోలేదు. తెర నల్లబడింది. నేను అలవాటుకొద్దీ దిగ్గున లేచి ప్లగ్గు అందుకోబోయాను. ముగ్గురూ నవ్వారు. "ఇంక దానితో పనిలేదు. కూర్చోండి" అన్నాడు పెద్దాయన.

నేను కూర్చోలేదు. లేచి ఉన్నాను కాబట్టే చెప్పగలిగానేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఆమె గుమ్మం చూసే స్విచ్ తిప్పింది సార్. గుమ్మం దగ్గర చెప్పులు లేవు. అవి నా బల్ల కింద ఉన్నాయి. మీరొస్తున్నారని నేనే తీసేశాను."

చెప్పులేమిటి అన్నారు. మా ఆచారం మొత్తం వివరించాల్సి వచ్చింది. ఒక చెప్పుల జత మనిషి ప్రాణానికి హామీ ఎలా అయిందో నా ఇంగ్లీషులో ఆ ముగ్గురికీ చెప్పడం, విమానంలో బ్యాటరీ పీకడం కంటే కష్టమైంది. పర్మిట్లు సాయంత్రం రాస్తామన్నది కూడా చెప్పాను. దాచడానికి ఇంక ఏం మిగల్లేదు. పెద్దాయన "మంగళవారం మీరు మాకు టీ ఇస్తున్నారు" అన్నాడు. అంతే అన్నాడు.

నన్ను సస్పెండు చేశారు. కొన్నాళ్లకి కింది పోస్టులో తీసుకున్నారు, అందులోనే రిటైరయ్యాను. ఆ అమ్మాయికి హెచ్చరిక కాగితం ఇచ్చి ఉద్యోగం ఉంచారు. కేసులో ఆమె పేరు రాయలేదు. హెడ్డాఫీసు నుంచి తాళాలు, ఎర్ర బిళ్లలు వచ్చాయి, పర్మిటు పొద్దున్నే రాయాలని రూలు వచ్చింది. మావాళ్లు తాళం వేస్తారు, బిళ్ల తగిలిస్తారు, కాగితం రాస్తారు, చెప్పులూ విడుస్తారు. ఆమె ఇప్పుడు అక్కడ షిఫ్టు ఇన్‌చార్జి. గుమ్మం దగ్గరికి ఎవరు వచ్చినా ముందు కిందికి చూస్తుందట.

ముంబై నుంచి వచ్చిన రోజే నా బల్ల కింద అరలోంచి చెప్పులు తీసి, కాగితంలో చుట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాను. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాగితం విప్పి చూపించాను. జరిగిందంతా చెప్పాను.  అతను తీగ కట్టిన పట్టీకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ముందే సెప్పుంటే, ఆ పిల్ల ఇన్ని రోజులు ఏడవకపోను గదండీ" అన్నాడు చివరికి.

తన చేతుల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి, క్షమించమనేవాణ్ణి. ఎత్తకపోయేసరికి ఆ కాగితం మడతపెడుతూ నిలబడ్డాను. 

అతను కాళ్లు మంచం మీంచి కిందికి దించాడు.

"వరండాలోకి ఎల్లాల. నా సేతులు ఇలా ఉన్నాయి గదా" అన్నాడు. "తొడగండి."

వంగి తొడిగాను.